బఫర్‌లో బైట్లను ఊరికే మోయకు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన లాగ్ సర్వర్ (ఇతర ప్రోగ్రాములు పంపే నమోదులను వరుసలుగా అందుకునే ప్రోగ్రామ్) కోడ్‌ను రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. నెట్‌వర్క్‌లో వచ్చే బైట్లను సాకెట్ నుంచి 64 కిలోబైట్ల బఫర్‌లోకి, అంటే వాటిని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీలోకి చదివి, ఒక వరుసను విడదీసిన ప్రతిసారీ మిగిలినదాన్నంతటినీ, బైట్లను మెమరీలో చోటు మార్చే మెమ్‌మూవ్‌తో బఫర్ మొదటికి జరుపుతున్నావు. ఫలితం సరిగానే వస్తుంది కనుక ఇందులో లోపం కంటికి ఆనదు. కానీ వరుస సగటున 100 బైట్లు అనుకుంటే, నిండిన బఫర్‌లో 655 వరుసలుంటాయి; ఒక్కొక్క జరపుడుకు సగటున 32 కిలోబైట్లు వేసుకున్నా, 64 కిలోబైట్ల సమాచారం కోసం దాదాపు 21 మెగాబైట్లు మోస్తున్నావన్నమాట. ధాన్యం కొలిచేవాడు కుంచం నిండిన ప్రతిసారీ గాదెను గుమ్మం దగ్గరికి లాక్కోడు కదా!

బఫర్‌తోపాటు, ఇంకా వాడని బైట్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చెప్పే మొదలు, చివర అనే రెండు సంఖ్యలు ఉంచుకో. వరుసను వాడుకున్నాక మొదలును ముందుకు జరిపితే చాలు; రెండూ కలిసిపోతే రెంటినీ సున్నా చేయి. చివర చోటు లేక, సగం వరుస మాత్రం మిగిలినప్పుడే ఆ కాసిని బైట్లను బఫర్ మొదటికి తెచ్చుకో. అక్కడ మెమ్‌మూవ్ బదులు మెమ్‌కాపీ వాడకు, పాత చోటూ కొత్త చోటూ ఒకదానిమీదొకటి పడవచ్చు; అప్పుడు మెమ్‌కాపీ ఫలితాన్ని నమ్మలేం. ఆ జాగ్రత్త నువ్వు ముందే తీసుకున్నందుకు సంతోషించాను. చివరిదాకా నిండితే మళ్లీ మొదటి నుంచి నింపే రింగ్ బఫర్ పెట్టమని ఎవరైనా చెప్పవచ్చు. అది మంచిదే కానీ, అందులో వరుస చివరన సగం, మొదట్లో సగం పడి, విడదీసే పని చిక్కవుతుంది. ఈ ప్రోగ్రామ్‌కు అది అనవసరమని నా అభిప్రాయం.

64 కిలోబైట్లు పట్టని వరుస వస్తే బఫర్‌ను, తీసుకున్న మెమరీ పరిమాణాన్ని మార్చే రీఅలాక్‌తో పెంచుతున్నావు, అదీ 4 కిలోబైట్ల చొప్పున. రెట్టింపు చేస్తూ పోతే 1 మెగాబైటుకు నాలుగు పెంపులే సరిపోతాయి. నీ లెక్కన 240 కావాలి. ఒక గరిష్ఠ పరిమితి కూడా పెట్టు, లేకపోతే వరుస ముగించకుండా పంపే ఒక్క క్లయింటు చాలు, మెమరీ అంతా మింగేయడానికి.

రీఅలాక్ దగ్గర నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సందేశం శీర్షిక ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి బఫర్ లోపలికే ఒక పాయింటర్ (మెమరీ చిరునామా) పెట్టుకున్నాను. పగలంతా పరీక్షల్లో బాగానే నడిచేది. రాత్రి రద్దీలో బఫర్ పెరిగి వేరే చోటికి మారినప్పుడు ఆ పాయింటర్ విడుదలైపోయిన చోటునే చూస్తూ ఉండేది. తప్పు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి పెరిగే బఫర్‌లోకి పాయింటర్ దాచుకోను, మొదటి నుంచి ఎన్నో బైటో ఆ సంఖ్యనే దాచుకుంటాను.

సాకెట్ నుంచి చదివే రీడ్ అడిగినన్ని బైట్లు ఇస్తుందని ఎక్కడా అనుకోకు. తక్కువ రావచ్చు, సున్నా వస్తే అవతలివాడు పంపడం ముగించాడని అర్థం, సిగ్నల్ అడ్డుపడితే మైనస్ ఒకటి కూడా రావచ్చు. అలాగే అవతలివాడు చెప్పిన పొడవును వచ్చిన బైట్లతో సరిచూడకుండా కాపీ చేయకు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం సరిగ్గా ఇదే: వచ్చిన సందేశం చిన్నదైనా అది చెప్పుకున్న పొడవును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ నమ్మి, పక్కనున్న మెమరీని ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా బయటికి పంపేది.

ఈ మార్పులు చేశాక, మెమరీ తప్పులను పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, ఒక్కొక్క బైటు చొప్పున పంపే చిన్న క్లయింటు రాసి నడిపించు. వరుస మధ్యలో ఎక్కడ తెగినా నీ కోడ్ తట్టుకుంటుందో లేదో అందులోనే తేలుతుంది. ఆ తర్వాత పాతదానికీ కొత్తదానికీ పట్టిన సమయాలను పక్కపక్కన రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
బాబాయి