సింగపూర్‌కి అంత విదేశీ పెట్టుబడి ఎందుకు వెళ్తుంది? పన్నులు తక్కువనేనా?

పన్నులు తక్కువనేనా అని అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు చెప్తాను: కాదు. అక్కడ కంపెనీల లాభం మీద పన్ను 17 శాతం. హాంకాంగ్‌లో 16.5. దుబాయ్‌లో 2023 దాకా చాలా కంపెనీలకు అసలు పన్నే లేదు, ఇప్పుడైనా చాలావాటికి 9 శాతమే. పన్నే కారణమైతే సింగపూర్ ఎప్పుడో ఖాళీ అయిపోవాలి. నేను అక్కడ పన్నెండేళ్లు సరుకు రవాణా పనిలో ఉన్నాను. కళ్లారా చూసింది ఒకటి చెప్తాను.

2018లో మాకు బాబాయి వరసయ్యే ఒకాయన గుంటూరు నుంచి వచ్చారు. ఆయనకి కారం మిల్లుంది. మలేసియా, ఇండోనేసియాలకు ఎండుమిర్చి పంపడానికి సింగపూర్‌లో చిన్న కంపెనీ పెట్టాలని ఆలోచన. ఎయిర్‌పోర్టు బయటికి వస్తున్నప్పుడే చేతిలో ఒక అట్టపెట్టె ఉంది, పురికొస కట్టి. లోపల ఆత్రేయపురం పూతరేకులు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఇవి మనక్కాదురా, రేపు ఆఫీసర్ గారికి" అన్నారు.

మర్నాడు సెసిల్ స్ట్రీట్‌లో ఒక అకౌంటెంటు గదికి వెళ్లాం. విదేశీయులు కంపెనీ రిజిస్టర్ చేయాలంటే అలాంటి ఏజెంటు ద్వారానే చేయాలి. అక్కడే నివాసముండే డైరెక్టరు ఒకరైనా ఉండాలి. నాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది కాబట్టి నా పేరు పెట్టాం. ఆవిడ పాస్‌పోర్టు వివరాలు, వాటాలు, చిరునామా టైపు చేసింది. ఫీజు 315 సింగపూర్ డాలర్లు. మేం తెప్పించుకున్న టీ ఇంకా గ్లాసు అడుగున ఉండగానే ఈమెయిల్లో కంపెనీ నంబరు వచ్చేసింది.

"ఇప్పుడు ఎవర్ని కలవాలి?" అన్నారు బాబాయి.

"ఎవర్నీ కలవక్కర్లేదు. అయిపోయింది."

ఆయన నమ్మలేదు. ఆవిడ్ని మళ్లీ అడగమన్నారు. ఆవిడ స్క్రీన్ ఆయన వైపు తిప్పి చూపించింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. మిల్లు పెట్టేటప్పుడు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో, ఎంతమందికి దండం పెట్టారో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా టిక్కీల కొద్దీ మిర్చి కొని అమ్మిన మనిషి, ఒక్క పైసా ఎగ్గొట్టని మనిషి అలా బిత్తరపోయి కూర్చుంటే నాకు గొంతు పట్టేసింది.

అక్కడ ఆ పెట్టె ఎవరికైనా ఇస్తే ఏమయ్యేదో కూడా చెప్పాలి. 2024లో ఈశ్వరన్ అనే మాజీ రవాణా మంత్రికి వ్యాపారులనుంచి ఖరీదైన వస్తువులు పుచ్చుకున్న కేసులో 12 నెలల జైలు పడింది. మంత్రికే అలా ఉంటే కింది ఉద్యోగి ఎందుకు చెయ్యి చాపుతాడు?

అలాగని అంతా స్వర్గం అనుకోకండి. కంపెనీ పదిహేను నిమిషాల్లో వచ్చింది గానీ బ్యాంకు ఖాతాకి ఏడు వారాలు పట్టింది. మిర్చి ఎక్కడ కొంటారు, ఆ డబ్బు ఎక్కడిది, అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అని అడిగిందే అడిగారు. బాబాయికి రోజూ టెన్షనే. ఇక అద్దెల సంగతి అడక్కండి. 2022లో మా ఇంటి ఓనరు ఒక్కసారే 900 డాలర్లు పెంచాడు. ఉండలేక తిరిగి వచ్చేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. విదేశీయుడు ఇల్లు కొనాలంటే ఇప్పుడు అదనపు స్టాంపు డ్యూటీయే 60 శాతం. మిల్లు పెట్టేవాడికి తివాచీ పరుస్తారు, ఆ మిల్లులో పనిచేసే వాడి గోడు ఎవరూ వినరు.

అయినా డబ్బు అక్కడికే పోతుంది. ఎందుకంటే ఈ రోజు చెప్పిన మాట రేపు మారదని పెట్టుబడి పెట్టేవాడికి నమ్మకం. 1965లో మలేసియా నుంచి విడిపోయినప్పుడు వాళ్లకి తాగే నీళ్లు కూడా చాలావరకు మలేసియాలోని జొహోర్ నుంచే రావాలి. చేతిలో ఉన్నది రేవు ఒక్కటే. అప్పటికే విన్సేమియస్ అనే డచ్ ఆర్థికవేత్త వాళ్లకి ఇచ్చిన మొదటి సలహాల్లో ఒకటి, రాఫెల్స్ విగ్రహం తీయొద్దు అని. 1819లో ఆ ఊళ్లో బ్రిటిష్ వర్తక స్థావరం పెట్టినవాడి విగ్రహం అది. దాన్ని ఉంచితే, పాత ఒప్పందాల్ని కొత్త ప్రభుత్వం చింపెయ్యదని బయటివాళ్లకి అర్థమవుతుందని ఆయన లెక్క. ఉంచారు. జురాంగ్ బురదనేలలో ఫ్యాక్టరీల షెడ్లు కడితే జనం నవ్వారు. 1968లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ వచ్చింది, తర్వాత మిగతావాళ్లు క్యూ కట్టారు.

అమరావతిని సింగపూర్ చేస్తామంటే మన వాళ్లంతా అద్దాల మేడలు ఊహించుకున్నారు. 2017లో అక్కడి కంపెనీలతోనే ఒప్పందం రాసుకున్నాం, 2019 నవంబరులో రద్దయిపోయింది. తప్పు ఏ పార్టీది అన్నది నాకు అనవసరం. సంతకం చేసినవాడు దిగిపోతే సంతకం కూడా పోతుందని లోకానికి మనమే చాటి చెప్పుకున్నాం.

రద్దు వార్త వచ్చిన రాత్రి బాబాయి ఫోన్ చేశారు. అప్పటికి ఆయన మిర్చి రెండో కంటైనరు పెనాంగ్ వెళ్లింది. అమరావతి గురించి ఏదో అంటారనుకున్నాను. "మన కంపెనీ అక్కడ ఉన్నట్టేగా?" అని అడిగారు. ఉందని చెప్పాను. ఇంకోసారి అడిగి, అప్పుడు ఫోన్ పెట్టేశారు.