చంద్రుడిపై దిగిన అపోలో వాహనంలో సీట్లు ఎందుకు లేవు?

బరువు తగ్గించడానికి. కానీ ఆ మార్పు వల్ల కలిగిన మేలు అంతకన్నా పెద్దది.

1962లో నాసా ఈ వాహనం తయారీని గ్రమ్మన్ కంపెనీకి అప్పగించింది. టామ్ కెల్లీ నాయకత్వంలోని ఇంజినీర్లు మొదట హెలికాప్టర్ తరహాలో పెద్ద కిటికీలు, సీట్లు అనుకున్నారు. అంత గాజు మోయలేని బరువు. చంద్రుడి ఆకర్షణ భూమిలో ఆరో వంతే కాబట్టి నిలబడే నడపవచ్చని తేలాక సీట్లు తీసేశారు. నిలబడితే ముఖం అద్దానికి దగ్గరగా వస్తుంది, చిన్న త్రికోణపు కిటికీలోంచే దిగే చోటు చక్కగా కనిపిస్తుంది. తూలిపోకుండా నడుముకు పట్టి ఉంచే తీగలు, కాళ్లకింద అతుక్కుని పట్టుకునే వెల్క్రో పట్టీ పెట్టారు.

గాలిలో ఎగరాల్సిన పని లేదు కనుక నునుపైన ఆకారం అక్కర్లేదు. క్యాబిన్ గోడ కొన్నిచోట్ల సుమారు 0.3 మిల్లీమీటర్ల మందమే!

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకునేది పైభాగంలోని ఇంజిన్. తిరిగి లేవడానికి ఉన్నది అదొక్కటే, మొరాయిస్తే లోపలి ఇద్దరు వ్యోమగాములూ చంద్రుడిపైనే చిక్కుకుపోతారు. అందుకే అందులో పంపులు లేవు, నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటూ లేదు. హీలియం ఒత్తిడితో వచ్చిన రెండు ద్రవాలు కలవగానే వాటంతట అవే మండుతాయి. 1969–72 మధ్య జరిగిన ఆరు ల్యాండింగుల్లోనూ అది వ్యోమగాములను క్షేమంగా పైకి చేర్చింది.

1970లో అపోలో 13 ప్రమాదంలో చిక్కినప్పుడు, ఇద్దరి కోసం కట్టిన ఈ వాహనమే ముగ్గురి ప్రాణాలు నిలిపింది. వాళ్లను ఇంటిదారి పట్టించింది దాని కింది భాగంలోని ఇంజిన్.