హెరాల్డ్ టాప్ బీడింగుల గురించి మేనల్లుడికి

చి. సుధీర్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ పాత ట్రయంఫ్ హెరాల్డ్ కారుకి మడిచే రెగ్జిన్ టాప్ పని మొదలుపెడుతున్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. రెగ్జిన్ కుట్టేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. నిన్ను నెలల తరబడి తిప్పేవి డోర్ల, అద్దాల అంచుల్లో సందులు మూసే రబ్బరు బీడింగులు, మెరిసే పట్టీలు, టిచ్ బటన్లు. అందుకే పాత టాప్ విప్పేటప్పుడు ఒక్క ముక్క కూడా పారెయ్యకు. ఎంత ఎండి పెళుసైపోయినా సరే, కొత్తది వెతకడానికి నీ చేతిలో ఉండే కొలత అదొక్కటే. ఏ ముక్క ఎక్కడిదో, ఏ వైపుదో చీటీ రాసి కట్టు. విప్పకముందే ఫొటోలు తీసుకో.

ముందు నీ బండి సంగతి తేల్చుకో. హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చింది, మరుసటి ఏడాది ఓపెన్ టాప్ మోడల్ వచ్చింది. మన మద్రాసులో 1961 నుంచి తయారైంది. దీని రేకు కప్పును బోల్టులతో బిగిస్తారు కాబట్టి మన దగ్గర కొందరు దాన్ని విప్పేసి, లోకల్‌గా ఫ్రేమ్ చేయించి టాప్ కుట్టించుకున్నారు. నీది అలాంటిదైతే ఇంగ్లండ్ నుంచి తెప్పించిన సెట్ సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఫ్రేమ్ కంపెనీదేనా అన్నది తేలకుండా ఒక్క రూపాయి కూడా పంపకు.

కంపెనీదే అయితే, దీనికి తోబుట్టువు లాంటి ట్రయంఫ్ విటెస్ కారు ఓపెన్ టాప్‌కి వచ్చే సామాను కూడా వెతుకు. రెంటి బాడీ వెనక భాగం ఒకటే. ట్రయంఫ్ వాళ్ల స్పిట్‌ఫైర్ కారుది పనికొస్తుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు. ఛాసిస్ (బాడీ కింద ఉండే ఇనుప చట్రం) చుట్టరికం ఉంది గానీ బాడీ వేరు, టాప్ వేరు.

ఇక రబ్బరు. షాపుకెళ్లి "హెరాల్డ్ బీడింగ్ ఉందా" అని అడిగితే లేదనే అంటారు. కారు పేరుతో కాదు, ఆకారంతో అడగాలి. పాత బీడింగ్‌లో నలగని చోటు చూసుకుని, కొత్త బ్లేడుతో వేలి మందాన ఒక ముక్క అడ్డంగా కొయ్యి. కోసిన ముఖాన్ని స్టాంపు ప్యాడ్ మీద అద్ది, గళ్ల కాగితం మీద నొక్కు. బీడింగ్ పెదవి (పల్చటి అంచు) ఎటు తిరిగిందో, లోపలి గొట్టం ఎంత లావో, రేకు దూరే గాడి ఎంత వెడల్పో అచ్చు దిగిపోతుంది. ఆ కాగితం, ఆ ముక్క పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై పుదుపేటలో తిరుగు. బస్సు కిటికీకో, లారీ డోరుకో వేసే బీడింగ్ అచ్చంగా అదే ఆకారంలో ఉండొచ్చు. అయితే పాతది ఏళ్ల తరబడి నలిగి కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి గొట్టం కొంచెం లావుగా ఉన్నదే తీసుకో. మరీ లావైతే డోరు పడదు. ఒక జానెడు కొని, పెట్టి చూసి, తర్వాతే మిగతాది కొను. ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరైతే మన ఎండకు చాలా కాలం ఆగుతుంది. మామూలు రబ్బరు త్వరగా బీటలు వారుతుంది.

పట్టీల విషయంలో లోహం ఏదో తెలుసుకున్నాకే పాలిష్‌కి ఇవ్వు. వెనకవైపు కనబడని చోట గీరి చూడు. పసుపుగా ఉంటే ఇత్తడి, నిశ్చింతగా క్రోమ్ వేయించుకోవచ్చు. స్టీలైతే సొట్టలు తీసి పాలిష్ పట్టిస్తే చాలు. తేలిగ్గా, తెల్లగా ఉంటే అల్యూమినియం, దానికి క్రోమ్ అంటూ ఎవరైనా వస్తే ఒప్పుకోకు. బూడిద రంగులో బరువుగా ఉండి పైన పొక్కులుంటే అది పోతపోసిన జింకు. దాన్ని బాగుచేయించే ఖర్చు చూస్తే కొత్తది వెతుక్కోవడమే మేలు.

టిచ్ బటన్లు, స్క్రూలు ఇనుపవి వాడనివ్వకు. మొదటి వర్షానికే తుప్పు కారి రెగ్జిన్ మీద మరకలు పడతాయి, అవి పోవు. నికెల్ పూత ఉన్న ఇత్తడివి అడుగు. బటన్ తల కొలతే కాదు, కాడ పొడవు కూడా చూసుకో. రెగ్జిన్ రెండు మడతలుగా వచ్చే చోట పొట్టి కాడ పట్టదు.

ఇక్కడ దొరకనివి ఇంగ్లండ్ నుంచే రావాలి. ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ అని అక్కడొకటుంది, హెరాల్డ్ వాళ్లందరికీ అదే దిక్కు. రబ్బరును వెడల్పుగా చుట్ట చుట్టి సూట్‌కేసులో తెచ్చుకోవచ్చు, మడతపెడితే ఆ మడత దగ్గరే నలిగిపోతుంది. పొడవాటి పట్టీలను మాత్రం ప్లాస్టిక్ పైపులో పెట్టి పంపమను.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. డోర్ల సందులు, ముందు అద్దం ఫ్రేము, అద్దాలు పైకెక్కే తీరు సరిచేయకుండా బీడింగ్ కొనకు. ఈ బండి బాడీ ముక్కలుగా బోల్టులతో బిగించినది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య వాషర్లు తీసినా కలిపినా సందు మారిపోతుంది. సందు మారితే తెచ్చిన రబ్బరు కొలత తప్పుతుంది.

ముందు టాప్ ఫ్రేమ్ కీళ్ల ఫొటోలు రెండు వైపులవీ పంపు. గళ్ల కాగితం మీద అచ్చులు తీశాక వాటి జిరాక్సు నాకూ ఒకటి పంపించు, పుదుపేటలో నాకు తెలిసిన రబ్బరు షాపుల్లో చూపిస్తాను.

ఇట్లు,
మామయ్య