టెక్ సందేహాలు: మీ సైకిల్ కంప్యూటర్ మీ ఇంటి అడ్రసు చెప్పేస్తోందా?

రోడ్ బైక్ గ్యాడ్జెట్ల మీద వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒక్కటే. ఏది కొనాలి, రీడింగ్ ఎందుకు తేడాగా ఉంది, అప్‌డేట్ ఎందుకు ఆగిపోయింది. ఆ వస్తువు మన గురించి బయటివాళ్లకు ఏం చెబుతోందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి ఒకరు అడిగారు. కాబట్టి దానికే ఎక్కువ చోటు.

ప్రశ్న: కొత్తగా రోడ్ బైక్ కొన్నాను. జీపీఎస్ కంప్యూటర్ (దారి, వేగం చూపేది), పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచేది), రాడార్ లైట్... ముందు ఏది తీసుకోవాలి?

ముందు టైర్లు. కొత్త సైకిల్‌తో వచ్చే టైర్లు తరచూ కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి వేసినవే. ఫ్రేములో, ఫోర్కులో చోటుంటే 28 మిల్లీమీటర్ల మంచి టైర్లు వేయించండి. మీ బరువు 70 కిలోల దరిదాపుల్లో ఉంటే ముందు చక్రంలో 65, వెనక 70 పీఎస్ఐతో మొదలుపెట్టి, మీకు నప్పేలా కొద్దికొద్దిగా మార్చుకోవచ్చు. హుక్‌లెస్ రిమ్ (టైరును పట్టుకునే కొక్కెపు అంచు లేనిది) అయితే 72.5 పీఎస్ఐ దాటకూడదు, దానికి సరిపడే ట్యూబ్‌లెస్ టైరే వాడాలి. లేకపోతే టైరు రిమ్ మీంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

తర్వాత రాడార్ టెయిల్ లైట్. వెనక నుంచి వచ్చే బండిని 140 మీటర్ల దూరంలోనే పసిగట్టే రకాలున్నాయి. పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువు. కాకపోతే మీ వేగంతోనే మీ వెనక నిలకడగా వస్తున్న బండి దాని లెక్కలోంచి జారిపోవచ్చు. పక్కకు తిరిగే ముందు మెడ తిప్పి చూడక తప్పదు.

కంప్యూటర్ కొనేట్టయితే బటన్లున్నదే కొనండి. వానలో, చెమట చేతులతో టచ్‌స్క్రీన్‌ను బతిమాలుకోవాల్సిన వస్తువును హ్యాండిల్‌బార్ మీదికి ఎక్కించినవాళ్లు ఎప్పుడైనా సైకిల్ తొక్కారా అన్నది నా అనుమానం.

ప్రశ్న: ఇండోర్ ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఇంట్లోనే తొక్కే పరికరం) 200 వాట్లు చూపిస్తుంటే పెడల్ పవర్ మీటర్ 209 చూపిస్తోంది. ఏది పాడైనట్టు?

బహుశా ఏదీ కాదు. పెడల్ మీ కాలి దగ్గరే కొలుస్తుంది. ట్రైనర్ చెయిన్ దాటాక కొలుస్తుంది. ఈ మధ్యలో ఘర్షణకు రెండు మూడు శాతం పోతుంది. రెండు పరికరాల్లోనూ ఒకటి రెండు శాతం పొరపాటు మామూలే. ఇవన్నీ కలిపితే 9 వాట్ల తేడా వింతేమీ కాదు.

అంతకు మించి ఉంటే ముందు యాప్‌లో క్రాంక్ (పెడల్‌ను పట్టుకున్న కడ్డీ) పొడవు చూడండి. అసలు క్రాంక్ 170 మిల్లీమీటర్లయితే, యాప్‌లో 172.5 అని ఉంటే, రీడింగ్ సుమారు ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. తర్వాత జీరో ఆఫ్‌సెట్, అంటే బరువు లేనప్పుడు మీటరు సున్నా చూపేలా సరిచేయడం. చల్లటి గదిలోంచి ఎండలోకి తెచ్చిన వెంటనే చేస్తే లాభం లేదు. పదిహేను నిమిషాలు తొక్కి, మీటరు బయటి వేడికి అలవాటుపడ్డాక, పెడల్ మీద కాలు లేకుండా చేయాలి. ఎడమ వైపు మాత్రమే కొలిచే రకమైతే అది ఆ అంకెను రెట్టింపు చేసి చూపిస్తుంది. మీ ఎడమ కాలు 52 శాతం పని చేస్తే రీడింగ్ 4 శాతం ఎక్కువే వస్తుంది.

సిగ్నల్ మధ్యమధ్యలో తెగిపోతుంటే మీటరులో సీఆర్2032 (నాణెం లాంటి) బ్యాటరీ ఉంటే అది మార్చి చూడండి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన రకాలు కొన్ని పరికరాల్లో సరిగా ఆనవు. పూత లేనిది వేస్తే కుదురుకుంటుంది, కాకపోతే దాన్ని పిల్లలకు అందకుండా దాచాలి.

ప్రశ్న: రైడ్‌లు ఫిట్‌నెస్ యాప్‌లో పబ్లిక్‌గా పెడుతున్నాను. ఇంటి చుట్టూ దారి గీతను మ్యాప్‌లో దాచే ప్రైవసీ జోన్ పెట్టుకున్నాను. చాలదా?

చాలదు. మీ ప్రొఫైల్‌ను దొంగ కళ్లతో ఒకసారి చూడండి. సైకిల్ ఫొటో, దాని మోడలు, వారంలో ఏ రోజు ఎన్నింటికి బయల్దేరతారు, ఎన్ని గంటలు ఇంట్లో ఉండరు, అన్నీ అక్కడే ఉన్నాయి. మిగిలింది అడ్రసు ఒక్కటే. దాన్ని ఆ జోన్ దాస్తుందని మీ ధీమా.

మామూలు జోన్ ఒక వృత్తం. మీరు నాలుగు దిక్కులకూ రైడ్‌లు చేస్తే, ఆ గీతలన్నీ వృత్తం అంచు దగ్గరే తెగుతాయి. మూడు బిందువులు దొరికితే వృత్తం గీయొచ్చు, దాని కేంద్రం మీ గుమ్మం. ఇది ఎంత తేలికో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లోనే చూపించారు. 2022లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టుకున్నారు. మ్యాప్‌లో గీత దాచినా, మొత్తం దూరంలో దాచిన భాగం కూడా కలిసే ఉంటుంది. మొత్తంలోంచి కనిపించే దూరం తీసేస్తే ఇంటిదాకా ఎన్ని మీటర్లో తెలుస్తుంది. దాన్ని వీధుల మ్యాప్‌తో సరిపోలిస్తే పని అయిపోతుంది. పేర్లు తీసేసిన డేటా కూడా భద్రమేమీ కాదు. 2017 చివర్లో ఒక ఫిట్‌నెస్ యాప్ విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో (అందరి దారులూ కలిపి వెలుగుగా చూపే మ్యాప్‌లో) సైనిక స్థావరాలు మెరుస్తూ కనిపించడంతో 2018 జనవరిలో పెద్ద గొడవే అయింది.

ఇక చేయాల్సింది. డిఫాల్ట్‌గా రైడ్‌లు ‘నాకు మాత్రమే’ లేదా ‘ఫాలోవర్లకు’ అని మార్చండి. ఈ సెట్టింగ్ కొత్త రైడ్‌లకే వర్తిస్తుంది, పాతవాటిని విడిగా మార్చాలి. జోన్‌ను యాప్ ఇచ్చేంత పెద్దదిగా పెట్టండి. దాని కేంద్రం మీ ఇంటి మీద కాకుండా పక్కకు ఉంటే మేలు, ఇల్లు మాత్రం వృత్తం లోపలే ఉండాలి. అన్నిటికన్నా గట్టి ఉపాయం ఒక కిలోమీటరు తొక్కాకే స్టార్ట్ నొక్కడం, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే ఆపేయడం. ఒక కిలోమీటరు లెక్కలో పోతే కాళ్లకేమీ నష్టం లేదు. హీట్‌మ్యాప్‌కు డేటా ఇవ్వడం ఆపండి. ఎప్పుడో కలిపి మరిచిపోయిన ఇతర యాప్‌ల అనుమతులు తీసేయండి.

మిత్రులకు రైడ్ రికార్డు ఫైలు (జీపీఎక్స్ లేదా ఫిట్) నేరుగా పంపితే అందులో జోన్ పనిచేయదు, పూర్తి దారి ఉంటుంది. పాత కంప్యూటర్ అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయని వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. సేవ్ చేసిన ‘ఇల్లు’ కూడా కొన్నవాడి చేతికే ఇస్తున్నారు మరి.

సైకిల్ పోతే ఎక్కడుందో చెప్పే బ్లూటూత్ ట్యాగ్ సీటు కింద దాచాను కదా అనేవారికి ఒక మాట. 2024 మే నుంచి ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ తెలియని ట్యాగ్ వెంట వస్తోందని హెచ్చరిస్తున్నాయి. మనుషుల్ని రహస్యంగా వెంబడించకుండా పెట్టిన మంచి ఏర్పాటే. అదే హెచ్చరిక దొంగ ఫోనుకూ వెళ్తుంది. ట్యాగ్ తాళానికి బదులు కాదు.

ప్రశ్న: వైర్‌లెస్ గేర్ల అప్‌డేట్ సగంలో ఆగింది. అసలు అప్‌డేట్ అవసరమా?

అవసరమే. ఈ గేర్లు కేబుల్‌తో కాకుండా రేడియో సిగ్నల్‌తో మారతాయి. 2024లో నార్త్‌ఈస్టర్న్, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు గేరు మార్చే సిగ్నల్‌ను రికార్డు చేసి, దాదాపు 10 మీటర్ల దూరం నుంచి మళ్లీ వదిలి, వేరేవాళ్ల గేర్లు మార్చి చూపించారు. దాన్ని సరిచేసింది అప్‌డేటే. బ్యాటరీలన్నీ నిండుగా ఛార్జ్ చేసి, ఫోను సైకిల్ పక్కనే పెట్టి, బ్లూటూత్‌లో కలిసి ఉన్న మిగతా యాప్‌లు మూసేసి మళ్లీ మొదలుపెట్టండి. రెండు షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), డీరెయిలర్లు (చెయిన్‌ను పక్క గేరుకు జరిపేవి) అన్నీ పూర్తయ్యాయో లేదో చూడండి. ఒకటి పాత వెర్షన్‌లో మిగిలిపోతే మిగతావాటితో కలవకపోవచ్చు. పెద్ద రైడ్ ముందు రాత్రి మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

నా కోపం కంపెనీల మీద. భద్రతా లోపం సరిచేసిన అప్‌డేట్‌కు కూడా ‘చిన్న సవరణలు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. డీరెయిలర్‌ను పిసరంత జరపాలంటే అకౌంటు, ఆ అకౌంటుకు లొకేషన్ అనుమతి! స్క్రూడ్రైవర్‌తో అయ్యే పనికి నా పుట్టినరోజు ఎందుకు? కొనేముందే షాపులో అడగండి: అకౌంటు లేకుండా ఇది పనిచేస్తుందా, ఇంటర్నెట్ లేనిచోట గేర్లు సరిచేసుకోవచ్చా, బ్యాటరీ నేనే మార్చుకోవచ్చా. మూడింటికీ ‘లేదు’ అంటే కేబుల్ గేర్లనే ఉంచుకుని, కొత్త కేబుళ్లు, కేసింగ్ వేయించుకోండి.