గట్టు దిగకుండా కోనసీమ

చిరంజీవి మేనకోడలికి మీ మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి నీ ఇద్దరు స్నేహితురాళ్ళతో, తారూ మట్టీ రెండింటి మీదా నడిచే మీ కొత్త గ్రావెల్ సైకిళ్ళతో వచ్చి మూడు రోజులు కోనసీమలో తిరుగుతామని రాసిన సంగతి చదివి సంతోషించాను. అయితే అందులోనే, "మీ వైపు మిట్టలే లేవు కదా మావయ్యా, ఎటు తొక్కినా ఒకటే కదా" అని ఒక మాట రాశావు. కాలువల మీద ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ భాగం సైకిలు మీదే గడిపినవాణ్ణి కనుక, ఎటు తొక్కినా ఒకటి కాదని చెప్పడానికే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కంటికి బల్లపరుపుగా కనిపించే ఈ నేలలోనూ మెరకా పల్లమూ ఉన్నాయి. వరదకు ఏరు పొంగినప్పుడల్లా నీటిలోని ముతక ఒండ్రు ఒడ్డు దగ్గరే దిగబడిపోతుంది, సన్నటి బంక మాత్రం దూరంగా లోపలికి వెళ్ళి చేరుతుంది, అందువల్ల డెల్టాలో ఏటి ఒడ్డు మెరకగానూ, ఒడ్డుకు దూరమైన కొద్దీ నేల పల్లంగానూ ఉంటుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, నీరు దానంతట అదే చేలలోకి దిగాలని పంట కాలువలను ఆ మెరక వెంబడే నడిపించాడు. చేలలోంచి దిగిన నీరు పోవలసిన మురుగు కాలువలు మాత్రం పల్లంలోనే ఉండక తప్పదు. ఆ రోజుల్లో పంట కాలువల్లో పడవలు నడిచేవి, మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో వాటిని లాగేవారు, కాబట్టి గట్టుకు ఎక్కడా తెగు లేకుండా బాట ఉండవలసి వచ్చింది. ఈనాడు మీ సైకిళ్ళకు దొరుకుతున్నది ఆ పడవలు లాగినవారి బాటే. అందుచేత దారి చీలిన ప్రతిచోటా, ఇది పంట కాలువ గట్టా, మురుగు కాలువ గట్టా అన్న ఒక్క ప్రశ్న వేసుకో. పంట కాలువదైతే నిశ్చింతగా వెళ్ళు. మురుగుదైతే, నేల పొడిగా కనిపించినా సరే, వెనక్కి తిరుగు.

ఈ మాట నేను తెలివితో నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్తీక మాసం సాయంత్రం, దగ్గర దారి అనుకుని మురుగు కోడు గట్టు ఎక్కాను. మధ్యాహ్నం ఒక్క జల్లు పడి వెలిసింది, అంతే. రెండు వందల గజాలు పోయేసరికి నల్ల బంక చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డు సందులో గట్టిగా దిగబడి, వెనక చక్రం తిరగడమే మానేసింది. దారిలో దొరికిన కొబ్బరి చిప్ప ముక్కతో గీకితే నాలుగు అడుగులు నడిచేది, మళ్ళీ బిగిసేది. చివరకు సైకిలును భుజానికెత్తుకుని, ఒక చెప్పు ఆ బురదకే వదిలేసి, చీకటి పడ్డాక ఊరు చేరాను. మీ సైకిళ్ళకు మడ్‌గార్డులు ఉండవంటున్నావు కాబట్టి కొంత మేలే, కానీ చక్రానికీ ఫ్రేముకూ మధ్య వేలు దూరేంత సందు ఉన్నదీ లేనిదీ చూసుకుని రా.

మొదటి రోజుకు రాజమండ్రిలో రైలు దిగి, ధవళేశ్వరం వచ్చి, బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరండి. మధ్య డెల్టా ప్రధాన కాలువ పుట్టేది అక్కడే. ఆ కాలువను పట్టుకుని లొల్ల లాకుల దాకా, అంటే నీటిని ఆపి వదిలే తలుపుల దాకా, రావడం సైకిలు కొత్తవారికి కూడా తేలిక. లాకుల దగ్గర కాసేపు ఆగి చూడు, కాలువ చీలే ఆ చోట నీరు ఒక మెట్టు దిగుతుంది. మన డెల్టాలో దిగుడు అంటూ కంటికి కనిపించేది ఇలా లాకుల దగ్గరే. ఆత్రేయపురంలో పూతరేకులు తినకుండా మీరు ఎలాగూ కదలరు. అక్కడి నుంచి వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి మీదుగా రావులపాలెం వచ్చేయవచ్చు, కానీ శనివారం మాత్రం ఆ దారి పెట్టుకోవద్దు, ఏడు శనివారాల మొక్కు ఉన్న జనంతో సైకిలు నడిపించుకుని పోవడానికి కూడా చోటుండదు.

రెండో రోజు గోదావరి పాయ అయిన గౌతమి ఏటిగట్టు మీద రావులపాలెం నుంచి కిందికి, ముక్తేశ్వరం వైపు సాగండి. ఏటిగట్టు కాలువ గట్టు కంటే బాగా ఎత్తు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి గట్లకు గండ్లు పడిన తరవాత దీన్ని ఇంకా ఎత్తు చేశారు. ఒక పక్క లంక పొలాలు, ఇంకొక పక్క కొబ్బరి తోటల తలలు నీ కంటి ఎత్తున కనిపిస్తాయి. కొంత మేర తారు, కొంత మేర గ్రావెల్, అక్కడక్కడ ఉత్త మట్టి. ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల కోటిపల్లి, అక్కడి నుంచి ద్రాక్షారామం దగ్గరే. పంటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సైకిలు దిగి నడిపించండి, రేవు ఇసుకలో సన్నటి టైరు ఇట్టే కూరుకుపోతుంది. ఆఖరి పంటు ఎప్పుడో వెళ్ళేటప్పుడే అడిగి ఉంచుకోవాలి, లేకపోతే చీకట్లో రావులపాలెం వంతెన దాకా చుట్టు తిరగవలసి వస్తుంది.

మూడో రోజు పి.గన్నవరం. కింద గోదావరి మరో పాయ వైనతేయ పారుతుండగా దాని మీదుగా పంట కాలువ పారే అక్విడక్టు అక్కడ ఉంది. 1850ల్లో కట్టిన పాత వంపుల కట్టడం పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి, ఆ లంకల గన్నవరంలోనే ఉండి వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అయితే కనుమ నాడు ఈ ప్రయాణం మానుకుని, సైకిళ్ళు ఇంట్లో పెట్టి, నాతో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన గంగలకుర్రు ప్రభలను భుజాల మీద ఎత్తుకుని ఎగువ కౌశిక కాలువలో దిగి నీళ్ళలోంచి మోసుకు వస్తారు, అది చూశాక బురదలో సైకిలు మోసిన నా కథ నీకు చాలా చిన్నదిగా తోస్తుంది.

కాలం సంగతి క్లుప్తంగా చెబుతాను. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, వరదలు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఏటిగట్టు జోలికి ఎవరూ పోకూడదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఎండా ఉక్కా కలిసి మనిషిని పిండేస్తాయి. మీరు ఎంచుకున్న పుష్యమాసమే మంచిది, కానీ పొద్దున మంచు దట్టంగా పడుతుంది కనుక ఎదుటి మనిషి కనిపించేదాకా బయలుదేరవద్దు. అవి దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్ల రోజులు కూడా, చేను దమ్ము చేసే ఇనుప చక్రాల ట్రాక్టర్లు గట్టెక్కితే గ్రావెల్ అంతా దువ్వెన పెట్టి గీసినట్టు గాట్లు పడుతుంది. అలాంటి చోట గాటుకు అడ్డంగా దాటాలి తప్ప దాని వెంబడి పోకూడదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, కాబట్టి ఉదయం కిందికి వెళ్ళి సాయంత్రం పైకి వస్తే గాలి మీ వీపున ఉంటుంది. మిట్టలు లేని ఊళ్ళో ఎదురుగాలే మిట్ట.

టైర్లు నలభై మిల్లీమీటర్ల వెడల్పువి అన్నావు, చాలు. గాలి మరీ బిగించవద్దు. మీకు అసలు శత్రువు పల్లేరు కాయ, అది ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. గడ్డి అంచున సైకిలు ఆపినప్పుడల్లా టైరును అరచేత్తో ఒకసారి తడిమి, గుచ్చుకున్నవి వెంటనే పీకేస్తే లోపలి దాకా దిగవు. తలా రెండు ట్యూబులు, ఒక చిన్న పంపు తెచ్చుకోండి, ఊళ్ళలో పంక్చరు కొట్లు ఉన్నాయి గానీ మీ కొలత ట్యూబు వాళ్ళ దగ్గర దొరకదు.

రేవుల్లో ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటూ ఉంటారు, అక్కడ బెల్లు మోగించి నెమ్మదిగా పొండి, ఫొటోలు తీయవద్దు. దారి అడగవలసి వస్తే ఊరి పేరు చెప్పి ఊరుకోకుండా "ఏటిగట్టుకు పుంత ఎటండీ" అని అడగండి, సరైన దారి చూపిస్తారు. ఎంత దూరమని మాత్రం అడగవద్దు. ఎవరైనా "దగ్గరేనమ్మా" అనే అంటారు, ఆ దగ్గర రెండు కిలోమీటర్లైనా కావచ్చు, పన్నెండైనా కావచ్చు.

రైలు ఖాయమయ్యాక ఒక కబురు చెయ్యి. నా పాత సైకిలుకు ఓవరాయిలింగు చేయించి ఉంచుతాను, బొబ్బర్లంక నుంచి లొల్ల దాకా మీతో వస్తాను.

ఇట్లు,
మీ మావయ్య