అబ్‌స్ట్రాక్ట్ ఓకే అయింది, ప్రోగ్రాంలో పేరు లేదు: బరంపురం పీజీకి సమాధానం

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక మెడికల్ పీజీ విద్యార్థి అడిగారు: హైదరాబాద్ వైద్య సదస్సుకి పంపిన అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) ఓకే అయినా ప్రోగ్రాంలో పేరు లేదు, ఏం చేయాలి? ఫెలోషిప్ సంగతేంటి?

ఓకే మెయిల్ వచ్చినా జాబితాలో మీ పేరు లేదంటే, కారణం దాదాపు ఇదే: అబ్‌స్ట్రాక్ట్ పంపడం వేరు, డెలిగేట్ రిజిస్ట్రేషన్ (సదస్సుకి హాజరవడానికి ఫీజు కట్టి నమోదవడం) వేరు. పేపర్ సమర్పించేవాళ్లు ఈ ఫీజు కట్టకపోతే సాధారణంగా పేపర్ తీసేస్తారు.

1. పీజీ కేటగిరీలోనే రిజిస్టర్ అవ్వండి. అబ్‌స్ట్రాక్ట్‌కి వాడిన ఈమెయిలే ఇవ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం, సీలు ఉన్న బోనఫైడ్ లెటర్ (మీరు అక్కడ చదువుతున్నారన్న ధ్రువీకరణ). ఐడీ కార్డు ఒక్కటే చాలదంటారు ఎక్కువ చోట్ల. లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, ఏ సబ్జెక్టు, ఎన్నో సంవత్సరం అన్నది స్పష్టంగా ఉండాలి. ఆఫీసువాళ్లు ఒడియా నమూనా ఇస్తే అది వద్దు. మీరే టైప్ చేసి సంతకానికి తీసుకెళ్లండి. సార్ ఓపీలో ఉన్నప్పుడు మాత్రం వెళ్లకండి!

3. ఫీజు రసీదు, లెటర్ జతచేసి, అబ్‌స్ట్రాక్ట్ నంబరు రాసి సైంటిఫిక్ కమిటీకి మెయిల్ పెట్టండి.

పోడియం (స్టేజీ మీద మాట్లాడే అవకాశం) బదులు పోస్టర్ ఇస్తే టెన్షన్ వద్దు, తీసుకోండి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 పీజీ నిబంధనల్లో పోస్టర్ కూడా లెక్కలోకి వస్తుంది. ఫెలోషిప్ (పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణ) సంగతి అడిగారు కదా, సీనియర్లు స్టేజీ దగ్గరకన్నా పోస్టర్ల దగ్గరే తీరిగ్గా మాట్లాడతారు. ఒక పేజీ సీవీ వెంట ఉంచుకోండి.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఆగుతుంది, టికెట్ ముందే చూసుకోండి.