మిద్దె మీద పది నిమిషాలతో మొదలెట్టండి

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది కావలి. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. పోయినేడాది అన్నం పూర్తిగా మానేసి పది రోజులు జ్యూసులతో ఉంటే మూడు కిలోలు తగ్గాను. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చేశాయి. రోడ్డు మీద నడుద్దామంటే అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. ముందు సన్నబడి, ఆ తర్వాతే నలుగురిలోకి పోవాలని ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: సన్నబడ్డాకే బయటికి అనుకుంటే రెండూ జరగవు. ఇంట్లోనే ఉంటే నడక ఉండదు, నడక లేకపోతే బరువు కదలదు, ఆ దిగులుతో సాయంత్రం చెయ్యి మిక్చర్ డబ్బా దగ్గరికి చేరుతుంది. అందుకే తిండిలో మార్పు, నలుగురిలోకి వెళ్లడం ఒకే వారంలో మొదలవ్వాలి.

పది రోజుల్లో పోయిన ఆ మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరు. తిన్న పిండిపదార్థాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజన్‌గా దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం మానేస్తే ఆ నిల్వ ఖాళీ అయి నీరు పోతుంది, మళ్లీ తినగానే తిరిగొస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు కావాలి. పది రోజుల్లో మూడు కిలోల కొవ్వు పోవాలంటే రోజుకు 2,300 కేలరీలు తగ్గాలి. మీ ఒళ్లు రోజంతా ఖర్చు చేసేదే అంతకంటే తక్కువ. కాబట్టి మీకు పట్టుదల లేక బరువు తిరిగి రాలేదు, ఆ పద్ధతే అంత.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత తగినదో చెప్పే లెక్క, 30.5. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. మూడు నెలల్లో నాలుగు కిలోలు, మహా అయితే ఐదు, తగ్గాలని పెట్టుకోండి. చిన్న లెక్కలా కనిపిస్తుంది గానీ, బరువులో ఐదు శాతం తగ్గినా చాలామందిలో షుగరు, బీపీ, నెలసరి మెరుగవుతాయి. మొదలెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) పరీక్షలు ఒకసారి చేయించుకోండి. నెలసరి 35 రోజులకు మించి వస్తున్నా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా గైనకాలజిస్టును కలవండి. మెడ వెనక నల్లగా, మందంగా ఉంటే అది మురికి కాదు, రుద్దితే పోదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు అయి ఉండొచ్చు.

ఇక అన్నం. నెల్లూరు సీమలో పుట్టినవాళ్లను అన్నం మానమనడం అన్యాయం, ఆ అవసరమూ లేదు. కొలవండి చాలు. మధ్యాహ్నానికి 75 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నం మీది. ఒక్కసారి తూకం వేసి, మీ ఇంట్లో ఏ గిన్నెలో ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టుకోండి. రాత్రికి 50 గ్రాముల బియ్యం, లేదా రెండు చిన్న చపాతీలు. కంచంలో ముందు కూర వడ్డించుకోండి. బీరకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైనా సరే, సగం కంచం దానికే. తర్వాత పప్పో, చేపో, గుడ్డో. అన్నం చివర. ముందు అన్నం పెట్టుకుంటే కూర నంజుకోవడానికి మాత్రమే మిగులుతుంది, కడుపు అన్నంతోనే నిండుతుంది.

చేపల పులుసు మానకండి. వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. చిక్కంతా పులుసు దగ్గరే, మామిడికాయ వేసిన పులుసు మర్నాటికి ఇంకా రుచెక్కుతుంది, దాంతో అన్నం రెండో విడత పడుతుంది. రెండు ముక్కలు, ఒక గరిటె పులుసు, కొలిచిన అన్నం, అంతటితో లేవండి. కారం దోసె వారానికోసారి తినొచ్చు. ఇంట్లో వేస్తే పెనం మీద నూనె చెంచాతో వేయండి. ఒక చిన్న చెంచా నూనె 45 కేలరీలు, సీసా వంచితే మూడు చెంచాలు పడ్డా తెలియదు. పల్లీ చట్నీ రెండు చెంచాలైతే చట్నీ, గిన్నెడైతే అది ఇంకో టిఫినే.

ఇంటి నూనె లెక్క ఇలా చూసుకోండి: మనిషికి రోజుకు 20 నుంచి 25 గ్రాములు సరిపోతుంది. అంటే నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు. మీ ఇంట్లో ఐదు అవుతుంటే మీ ఒక్కరి కంచం మారి లాభం లేదు, అమ్మగారితో మాట్లాడాల్సిందే. నిందించినట్టు కాకుండా, వారం రోజులు కూరలు నేనే వండుతానని అడిగి చూడండి. మీరు వండితే ఎంత పోస్తున్నామో మీ చేతికే తెలుస్తుంది.

చదువుకునేటప్పుడు పక్కన మిక్చర్, బిస్కెట్లు ఉంచుకోవద్దు. సాయంత్రానికి 30 గ్రాముల శనగలో అలసందలో నానబెట్టి గుగ్గిళ్లు చేసుకోండి. టీలో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి, రెండు వారాల తర్వాత అరకు తగ్గించండి. ఒక్కసారిగా మానితే నాలుగో రోజుకే విసుగొస్తుంది.

నడక. మొదటి రెండు వారాలు మిద్దె మీద పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే రెండు నెలలకు రోజుకు 40 నిమిషాలు దాటుతారు. తొడలు ఒరుసుకుని మండితే ఎక్కువమంది అక్కడే ఆపేస్తారు. లోపల మోకాలిదాకా వచ్చే బిగుతు షార్ట్స్ వేసుకోండి, లేదా బయల్దేరే ముందు పెట్రోలియం జెల్లీ రాసుకోండి. చెప్పులతో కాకుండా బూట్లతో నడవండి.

జనంలోకి వెళ్లే భయానికీ మెట్లుంటాయి. ఒక కాగితం మీద మీరు తప్పించుకుంటున్న పనులన్నీ రాసి, ఒక్కోదానికి భయం ఎంతో వందకు మార్కులు వేయండి. మీ కాగితం ఇలా ఉండొచ్చు: ఎదురింటివాళ్లు చూసే వేళ మిద్దె మీద నడవడం 20, అమ్మతో వీధి చివరిదాకా 35, ఒంటరిగా కూరగాయల మార్కెట్టుకు 50, కాలేజీ గ్రౌండులో నడక 60, టైలరు దగ్గర కొలతలు ఇవ్వడం 70, పెళ్లికి పోవడం 90. కింది మెట్టు నుంచి మొదలెట్టండి. అక్కడికి వెళ్లాక గుండె దడ పెరిగినప్పుడు వెనక్కి రాకండి. దడ ఉన్నప్పుడే ఇంటికొచ్చేస్తే, వచ్చేయడం వల్లే బతికిపోయానని మనసు నమ్ముతుంది, మరుసటిసారి భయం ఇంకా పెరుగుతుంది. ఉండిపోతే చాలావరకు అరగంటలోపే భయం సగానికి దిగుతుంది. ఒకే మెట్టు నాలుగైదుసార్లు ఎక్కాక మార్కులు మళ్లీ వేయండి. 35 అనుకున్నది 15 అయ్యాక పైమెట్టుకు పోండి.

ఇప్పటి ఒంటికి సరిపోయే డ్రెస్సులు రెండు కుట్టించుకోండి. తగ్గాక వేసుకుందామని బిగుతువి బీరువాలో దాచుకుంటే తలుపు తీసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పెళ్లిలో ఎవరైనా "ఏమ్మే, ఇంకా లావయినావే" అంటే సంజాయిషీ ఇవ్వొద్దు, ఏడుపు మింగుకోవద్దు. "అవునత్తా, దాని సంగతి నేను చూసుకుంటున్నాలే. నీ మోకాళ్లనొప్పి ఎట్లుంది?" అని మాట మార్చేయండి. మళ్లీ అదే ఎత్తితే, "ఆ మాట వదిలెయ్యత్తా, నాకు బాధగా ఉంది" అని చెప్పొచ్చు. అది పెద్దవాళ్లను ఎదిరించడం కాదు. ఈ రెండు మాటలూ ఇంట్లో గట్టిగా నాలుగుసార్లు అని చూసుకుంటే, అక్కడ నోరు పెగులుతుంది.

ప్రశ్న: నెల్లూరులో ఉంటాను. 24 ఏళ్లు, 172 సెంటీమీటర్లు, 96 కిలోలు. రొయ్యల ప్లాంటులో నైట్ డ్యూటీ. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగు మొదలెట్టిన రెండు వారాలకే మోకాలి కింద ముందు ఎముక నొప్పి. జిమ్‌లో ప్రోటీన్ పౌడరు, ఫ్యాట్ బర్నర్ కొనమంటున్నారు.

జవాబు: పరుగులో ఒక్కో అడుగుకు నేల మీద పడే బరువు ఒంటి బరువుకు రెండు మూడింతలు. మీ విషయంలో అది దాదాపు 190 నుంచి 290 కిలోలు. గుండె, ఊపిరి రెండు వారాల్లో అలవాటు పడతాయి, ఎముకకు నెలలు పడుతుంది. నొప్పి తగ్గేదాకా పరుగు ఆపండి. నొప్పి లేకుండా నడవగలిగితే నడవండి, సైకిలు తొక్కండి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే జివ్వుమంటున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించండి. సన్న చీలిక అయి ఉండొచ్చు. 90 కిలోల లోపుకు వచ్చాక, ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడకతో మళ్లీ మొదలెట్టండి.

కొవ్వు కరిగిస్తాయని అమ్మే ఫ్యాట్ బర్నర్లు కొనకండి. వాటిలో చాలామటుకు కెఫీనే పనిచేస్తుంది. నైట్ డ్యూటీ మనిషికి అసలే కరువైన పగటి నిద్రను అది చెడగొడుతుంది. లేబుల్ మీద రాయని మందులు ఇలాంటి వాటిలో బయటపడిన సందర్భాలున్నాయి. పౌడరు విషం కాదు, మీకు అవసరం లేదు, అంతే. రోజుకు 90 గ్రాముల మాంసకృత్తులు చాలు. మూడు గుడ్లలో 18, నూట యాభై గ్రాముల చేపలో 28 దాకా, అరలీటరు పాలు లేదా పెరుగులో 16, యాభై గ్రాముల కందిపప్పులో 11. మిగతాది అన్నం, గుగ్గిళ్లు పూరిస్తాయి.

జిమ్‌లో వారానికి మూడు రోజులు చాలు. కుర్చీ మీద కూర్చుని లేచినట్టుండే స్క్వాట్, గోడకో బల్లకో ఆనించి పుషప్, డంబెల్‌ను నడుము వైపు లాగే రో, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జి. ఒక్కోటి పదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో నిమిషంన్నర విరామం. ప్రతి విడతలో పదింటిలో చివరి రెండూ కష్టంగా రావాలి, నడుము వంకర పోకూడదు. బరువులు ఎత్తకుండా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. డ్యూటీకి పోయేముందు పూర్తి భోజనం చేయండి, రాత్రి రెండింటికి ఉడికిన గుడ్లు, మజ్జిగ పెట్టుకోండి. క్యాంటీన్ బజ్జీలు, కూల్‌డ్రింకు ఆ వేళ ఆకలికి కాదు, నిద్ర ఆపుకోవడానికి తాగేవీ తినేవీ.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నా. ఏడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను, మూడు వారాలుగా కాటా కదలడం లేదు.

జవాబు: ఏ రోజు, ఏ వేళ తూగుతున్నారో ముందు చూసుకోండి. వారంలో ఒకే రోజు, పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూగాలి. ఉప్పు ఎక్కువైన భోజనం చేసిన మర్నాడు, నెలసరి ముందు వారం కిలో రెండు కిలోలు ఊరికే పెరుగుతాయి. బొడ్డు దగ్గర టేపుతో చుట్టుకొలత కూడా రాసుకోండి. అది తగ్గుతుంటే మీరు ఆగిపోలేదు. అదీ కదలకపోతే ఆదివారం చూడండి. ఆరు రోజులు 300 కేలరీల చొప్పున తగ్గించినదంతా బిరియాని, మైసూరుపాకు, కూల్‌డ్రింకు ఒక్క పూటలో తినేయగలవు. ఆదివారం కూడా చక్కగానే ఉంటే, తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గిందని అర్థం, రాత్రి అన్నంలో రెండు ముద్దలు తగ్గించి పది నిమిషాల నడక కలపండి. రోహిణి కార్తెలో మాత్రం ఆరున్నరకల్లా నడక ముగించండి. చెమటతో పోయిన కిలో బరువు, నీళ్లు తాగగానే తిరిగొస్తుంది.

ప్రశ్న: మాది ఆత్మకూరు. మా అమ్మాయికి 20 ఏళ్లు. బరువు తగ్గాలని పగలంతా పస్తుంటుంది. అర్ధరాత్రి వంటింట్లో దొరికినదల్లా తిని, బాత్రూములో వాంతి చేసుకుంటోంది. తిట్టినా మానలేదు.

జవాబు: అమ్మా, తిట్టకండి. ఇది మొండితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. పదే పదే వాంతులైతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, పళ్ల ఎనామెల్ కూడా దెబ్బతింటుంది. ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, రక్తంలో లవణాల పరీక్ష చేయించండి. బయల్దేరేలోపు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో కాటా తీసేయండి. మూడు పూటలా వేళకు అందరూ కలిసి తినండి, తన కంచంలో ఎంతుందో చూడకండి, బరువు మాట ఎవరూ ఎత్తకండి. స్పృహ తప్పినా, గుండె దడదడలాడుతోందన్నా, వాంతిలో రక్తం కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి.